ఎబ్సమ్మ మందు చీటీ

పొద్దున ఎనిమిదింటికి కిటికీ తెరవకముందు హేబ్సిబాకు మూడు పనులుండేవి. మైదా జిగురు ఉడకబెట్టుకోవడం ఒకటి. పాత నోటుపుస్తకాల కాగితాన్ని సన్నటి పట్టీలుగా కత్తిరించి, ఒక అంచున మెట్లుమెట్లుగా గాట్లు పెట్టుకోవడం రెండోది. ఆ పట్టీని మందు సీసాకు నిలువుగా అంటిస్తే, పూటకు ఒక మెట్టు దిగేంత తాగాలని ఎవరికైనా తెలుస్తుంది. మూడోది, అరచేయంత చీటీలు వంద చింపి, సిరాబుడ్డి పక్కన ఇటుకముక్క కింద పెట్టుకోవడం.

బీదరు నుంచి చిద్రికి పోయే దారిలో, నిజాం కాలపు గుర్రపుశాలలో నడిచే ధర్మ దవాఖాన అది. గుర్రాలను కట్టేసిన ఇనుప కడియాలు గోడలకు ఇంకా ఉన్నాయి. రోగులు వాటికి తమ సంచులు తగిలించుకునేవాళ్ళు. బీదరు మైసూరు రాష్ట్రంలో కలిసి ఎనిమిదేళ్ళయింది. గుమ్మం మీది బోర్డు ఉర్దూ నుంచి కన్నడంలోకి మారింది. జనం రెండూ చదవలేదు. తబేలా దవాఖాన అన్నారు, అదే నిలిచిపోయింది.

జనం ఎబ్సమ్మ అని పిలిచే హేబ్సిబాకు నలభై ఆరేళ్ళు. హైదరాబాదులో కాంపౌండరు పరీక్ష ప్యాసై వచ్చిన ఏడాదే మొగుడు పోయాడు. అప్పటి నుంచి ఈ కిటికీ వెనకే ఉంది.

ఆమె రాసిన చీటీని చదువు రానివాళ్ళు కూడా చదువుకునేవాళ్ళు. ఓనమాలు ముట్టని ముసలమ్మ ఆ కాగితాన్ని మొహానికి దగ్గరగా పట్టుకుని, "పొద్దున ఒకటి, మాపటికి ఒకటి, తిన్నంక" అని గడగడా చదివేసేది. మరాఠీ మనిషి మరాఠీలో, ఉర్దూ మనిషి ఉర్దూలో చదివేవాళ్ళు. ఆమె రాసేది తెలుగే, అదీ కోడి గీరినట్టుండే తెలుగు. అదే ముసలమ్మ చేతికి ఉత్తరం ఇచ్చినా, బజారు దుకాణం చీటీ ఇచ్చినా నల్లచీమలే కనపడేవి. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. కొందరి చేతి ఊరగాయ బూజు పట్టదు. కొందరు కట్టిన కట్టు జారదు. ఈమె రాత చదవొస్తుంది, అంతే. బయట కొన్న మందులు కూడా తెచ్చి, "జర చీటీ రాసియ్యి ఎబ్సమ్మక్కా" అని వరసలో నిలబడేవాళ్ళు. గుడ్డివాళ్ళకు మాత్రం ఇంకొకరు చదివి చెప్పాల్సి వచ్చేది.

ఎన్ని, ఎప్పుడు అని రాసి ఆమె ఊరుకునేది కాదు. రక్తం పట్టే గోలీలిస్తే, "దొడ్డికి నల్లగా వస్తుంది, భయపడకు" అని రాసేది. జ్వరం గోలీలిస్తే, "ఖాళీ కడుపున వేసుకుంటే మండుతుంది" అని రాసేది. మందు పెట్టెలతోపాటు మడతలు పెట్టి వచ్చే సన్నటి ఇంగ్లీషు కాగితాలను అందరూ పారేస్తారు. ఆమె దీపాల వేళ కూర్చుని చదివేది. చదివింది దాచుకోవడం ఆమెకు చేతకాదు.

దానివల్లే నిర్ణా ఊరి సుందరాబాయి చచ్చిపోయింది. కనీసం దవాఖాన డాక్టరు జీవరాజ్ లెక్క అది.

సుందరాబాయికి క్షయ. తొంభై రోజులు రోజుకొక స్ట్రెప్టోమైసిన్ సూది వేయించుకోవాలి. దూరం ఊరని అక్కడి నర్సమ్మతో వేయించుకునేలా మందు కట్టిచ్చి, హేబ్సిబా చీటీ మీద ఆఖరున ఒక మాట రాసింది: "ఈ సూది కొందరికి చెవులను, నడకను చెరుపుతుంది." సుందరాబాయి బస్సులో కూర్చుని చీటీ చదువుకుంది. పక్క సీటువాళ్ళకు చదివి వినిపించింది. ఇంటికి పోయి మందు సంచిని అటక మీద పెట్టింది. నాలుగు నెలలకు పోయింది. మళ్ళీ మందుకు ఎందుకు రావడం లేదో చూద్దామని జీవరాజ్ తనే బస్సెక్కి నిర్ణా పోయేసరికి ఆమె పోయి మూడోనాడు. అటక మీది సంచితో, చీటీతో తిరిగి వచ్చాడు.

జీవరాజ్ పక్కనున్న జనవాడ మనిషే. ముప్పై మూడేళ్ళవాడు. అరవై నలుగురు క్షయ రోగుల పేర్లు, ఊళ్ళు, ఎవరు ఎన్ని సూదులదాకా వచ్చారో అతని నాలుక మీద ఉండేవి. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ ఇంకొంచెం సులువయ్యేది.

చీటీని ఆమె బల్ల మీద పెట్టాడు. "హేబ్సిబమ్మా, ఇది ఎవరి రాత?"

"నాదే సార్."

"నా రాత మీకొక్కరికే చదవొస్తుంది. మీ రాత అందరికీ వస్తుంది. అందుకని నేను ఏదైనా రాయొచ్చు. మీరు రాయకూడదు."

"మందు కాగితంల ఉన్నదే రాసిన సార్."

"కాగితంలో చాలా ఉంటది. అది డాక్టర్ల కోసం. ఆమెను మందు చంపలేదమ్మా, మీ ముక్క చంపింది. ఇకముందు ఎన్ని, ఎప్పుడు, తినకముందా, తిన్నాకనా. అంతే."

హేబ్సిబా ఆ చీటీని మడిచి ఇటుకముక్క కింద పెట్టింది. సరేనంది. ఆ మర్నాటి నుంచి చీటీలు పొట్టివయ్యాయి. జనం చదువుకుని, వెనక్కి తిప్పి చూసి, ఇంకేమీ లేదని సంచిలో వేసుకుపోయేవాళ్ళు.

కార్తీకంలో ఖండప్ప వచ్చాడు. చిద్రి వెనక వాగు పొడుగునా ఉన్న నలభై ఈతచెట్లు అతనివి. అంటే కల్లు గీసుకునే హక్కు అతనిది. తండ్రి నుంచి వచ్చింది. సన్నటి, పొడుగాటి మనిషి, మోకాళ్ళ మీద చెట్టు బెరడు రాసుకుని కాయలు కట్టాయి. రెండు నెలలుగా దగ్గు, మాపటేళ జ్వరం. పెళ్ళాం హనుమవ్వ ముందు నడిచింది, అతను వెనక వచ్చాడు.

"పని మానాల్నా అక్కా?" అని కిటికీ దగ్గర అడిగాడు.

"మానితె మంచిది."

"గీత మొదలువెట్టిన చెట్టును మధ్యల ఇడిస్తె ధార ఆగిపోతది. ఏడాది పోయినట్టే."

"మరి అడుగుడెందుకు?"

"నువ్వు మానొద్దంటవేమోనని," అన్నాడు. హనుమవ్వ కూడా నవ్వింది.

హేబ్సిబా చీటీ రాసింది. పొద్దున సూది, తెల్ల గోలీలు పూటకు నాలుగు, తిన్నాక. కలం ఇంకా కాగితం మీదే ఉంది. ఆఖరి మాటకు చోటుంది. కలం ఎత్తి చీటీ ఇచ్చేసింది.

చిద్రి దగ్గరే కనుక ఖండప్ప రోజూ తెల్లారగట్ల చెట్లు దిగి, కల్లు నిండిన లొట్లు సేంది దుకాణంలో అప్పజెప్పి, సూదికి దవాఖానకు వచ్చేవాడు. ఇరవై సూదులకు దగ్గు తగ్గింది. ఒంటికి కాస్త కండ పట్టింది. ఇరవై తొమ్మిదో సూదినాడు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, నేల కదులుతాంది."

సూదులు ఉడకబెట్టే ఆయా రాచమ్మ పక్కనే ఉంది. "కదలదా మరి. పొద్దుగాల్నే ఎన్ని లొట్లు దించినవో, ఎన్ని లోపల వోసినవో."

"చెట్టు మీదున్నన్ని దినాలు నేను నాలికకు గూడ తాకియ్య, రాచమ్మవ్వా. మా నాయిన తాగుడుతోనే పోయిండు."

"నీ అంగి వాసనకే నాకు కైపెక్కుతాంది," అంది రాచమ్మ.

అది నిజం. ఖండప్ప బట్టలు, జుట్టు, చేతులు, అన్నీ కల్లు వాసనే. సున్నం పని చేసేవాడికి సున్నం అంటినట్టు అతనికి కల్లు అంటింది. జీవరాజ్ గుండె గొట్టం పెట్టి వంగేసరికి ఆ వాసన మొహానికి కొట్టింది. కొంచెం వెనక్కి జరిగి, రోగి అట్ట మీద ఇంగ్లీషులో ఒక ముక్క రాసుకున్నాడు.

హేబ్సిబా ఆ మధ్యాహ్నం అతని గదికి పోయింది. "సార్, ఖండప్పకు తల తిరుగుతాందంట. ఆ సూది కాగితంల..."

"ఆ కాగితం మీకంటే ముందు నేను చదివిన. అందులో కల్లు గురించి లేదు. రోజుకు నలభై చెట్లెక్కేవాడు తాగడంటే మీరు నమ్ముతరా?"

"తాగ అంటుండు."

"అందరూ అదే అంటరు. ఈ తాగుడుతో గోలీలు పడితే వాడి కాలేయం పోతది. మీ చీటీ మీద రాయండి, కల్లు తాగవద్దని. మీరు రాస్తే వింటరు."

హనుమవ్వ కూడా అదే అడగడానికి వచ్చింది. మొగుడు గడప దాటుతుంటే గోడ పట్టుకుంటున్నాడట. మూతి వాసన చూస్తే వాసనే. అది ఇరవై ఏళ్ళుగా ఉన్న వాసనే, కానీ ఇప్పుడు కొత్తగా వచ్చినట్టు తోచింది. "నేనంటె ఇంటలేడు. నువ్వు రాయక్కా. నీ చీటీకి భయపడుతడు."

అప్పుడైనా నోటితో చెప్పొచ్చు. అమ్మా, ఇది సూది పనేమో అనొచ్చు. హేబ్సిబాకు సుందరాబాయి అటక కనపడింది. మూడు మాటలు రాసి ఇచ్చింది: "కల్లు తాగవద్దు."

హనుమవ్వ ఆ చీటీని ఇంటి దర్వాజాకు అంటించింది. చిద్రిలో పోయేవాళ్ళు వచ్చేవాళ్ళు అందరూ చదివారు. పిల్లలు చదివారు. సేంది దుకాణంలో తాగుతూ కూర్చుని రానివాళ్ళకు, తాగనివాళ్ళు చదివి వచ్చి చెప్పారు. ఎబ్సమ్మ రాత ఎప్పుడూ తప్పలేదు. ఆమె తాగవద్దని రాసిందంటే, తాగుతున్నాడనే కదా.

చిద్రి గీతపనివాళ్ళకు ఒక కట్టుబాటుంది. చెట్టు దిగాక ఎంత తాగినా అడిగేవాడు లేడు. తాగి చెట్టెక్కినవాడు పడితే మాత్రం, అతని మోకు పెద్దమనిషి ఇంటి దూలానికెక్కుతుంది. నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే తాడు అది. మోకు పోతే చెట్లు పోయినట్టు, అతనికే కాదు, అతని తమ్ముళ్ళకూ కొడుకులకూ కూడా. ఆ ఇల్లు ఇక కూలికి పోవలసిందే.

"పడకముందే మోకు తీస్కొచ్చి ఇచ్చేయరాదు, మర్యాదగుంటది," అన్నాడు పెద్దమనిషి సంగయ్య, దుకాణం అరుగు మీద కూర్చుని, చేతిలో ముంతతో. పక్కవాళ్ళు నవ్వారు. "నడుస్తుంటె అడ్డగీత గీస్తున్నవు, ఖండప్ప. మా దుకాణంల తాగక ఎక్కడ తాగుతున్నవు, చెప్పు, మేం గూడ వస్తం."

ఖండప్ప వెనక్కి తిరిగాడట. మోకు భుజాన వేసుకుని అందరూ చూస్తుండగా వాగు ఒడ్డున ఉన్న అన్నిటికంటే పొడుగాటి చెట్టు దగ్గరికి పోయి, "చూస్తుండున్రి" అన్నాడట. తాగినవాడు ఎక్కినట్టు ఎక్కలేదని సంగయ్యే తర్వాత ఒప్పుకున్నాడు. పైదాకా పోయాడు. అక్కడ ఆకాశం ఒక్క తిప్పు తిరిగింది.

అది నలభై ఒకటో సూది రోజు. మధ్యాహ్నం నులకమంచం మీద మోసుకొచ్చారు. తుంటి ఎముక విరిగింది. మోకు మాత్రం మంచంతో రాలేదు. సంగయ్య ఇంటికి పోయింది.

జీవరాజ్ ఎముక సరిచేసి, కాలికి ఇసుక సంచులు కట్టి, మర్నాడు పొద్దున నలభై రెండో సూది వేయించాడు. ఒక్క రోజు తప్పనివ్వలేదు. "ఎముక ఒక జబ్బు, ఛాతీ ఒక జబ్బు," అన్నాడు. ఆ శ్రద్ధే ఖండప్పను ముంచింది.

తబేలాలో ఒకే వార్డు, పొడుగాటి సాల. హేబ్సిబా కిటికీ వెనక తిరిగి చూస్తే ఖండప్ప మంచం కనపడుతుంది. ఆమె రోజులు లెక్కపెట్టింది. వారం అయింది. కల్లు లేదు, చెట్టు లేదు, బట్టలు కూడా దవాఖాన తెల్లవే. అయినా ఖండప్ప రెండు చేతులతో మంచం పట్టీలు పట్టుకుని పడుకునేవాడు, పడవలో ఉన్నట్టు. "మంచం తిరుగుతాంది సార్," అని రోజూ చెప్పేవాడు. చెవిలో మిడతలు కూస్తున్నాయనేవాడు. మూడు వారాలకు ఆ మాట అనడం కూడా మానేశాడు. పిలిస్తే ఒకసారి పలికేవాడు, ఒకసారి పలికేవాడు కాదు.

ఆమె మళ్ళీ జీవరాజ్ దగ్గరికి పోయింది. "సార్, మూడు వారాలైంది. ఇక్కడ కల్లెక్కడిది?"

"పుట్టినప్పటినుంచి తాగినవాడు ఒక్కసారి మానితే ఇట్లనే తిరుగుతది," అన్నాడతను. అట్ట మీద నుంచి తల ఎత్తలేదు.

తాగితే కల్లు. మానితే కల్లు. హేబ్సిబా వెనక్కి వచ్చి గోలీలు లెక్కపెట్టింది. రెండుసార్లు తప్పింది.

హనుమవ్వ రోజూ జొన్న గటక తెచ్చి తినిపించేది. తినిపిస్తూ తిట్టేది. "నలభై చెట్లు. నీ తమ్ముడు సిద్దప్ప మొహం నాకు చూపిస్తలేడు, తెలుసునా? ముంతెడు కల్లు కోసం ఇంటిని ఆరుబయట వెట్టినవు." ఖండప్ప ఆమె మూతివైపు చూస్తూ మింగేవాడు. తాగలేదని మొదట్లో ప్రతిసారీ అనేవాడు. ఇప్పుడు అనడం లేదు. ఒప్పుకున్నట్టే ఉందని ఆమెకు ఇంకా మండేది.

ఇరవై ఏడో రోజు గటక గిన్నె కడుక్కుని కిటికీ దగ్గరికి వచ్చింది. "అక్కా, సూది మందుకు చెవులు గూడ మొద్దుబారుతయా? పిలిస్తె పలుకుతలేడు. మాటకు మాట అనేటోడు."

హేబ్సిబా చేతిలోని సీసా కింద పెట్టింది. "బారుతయి. తల తిరుగుడు గూడ దాంతోనే కావచ్చు. కల్లు కాదేమో హనుమవ్వ. ముందే రాయవలసింది. తల తిరిగినా చెవి మోగినా మందు ఇంట్ల పారేయకు, ఆ దినమే దవాఖానకొచ్చి చెప్పు అని. సుందరాబాయికి సగమే రాసిన. నీ మొగనికి ఆ సగం గూడ రాయలే."

హనుమవ్వ ఊచల దగ్గరికి ఇంకా జరిగింది. కోపం రావడానికి కూడా టైము పట్టింది.

"వచ్చి చెప్పు అని రాస్తుంటివా?"

"అవు."

"వచ్చి చెప్పిండు గదక్కా. ఈ కిటికీ పట్టుకోని చెప్పిండు. మంచంల పండుకోని రోజు చెప్పిండు. నువ్విన్నవు, డాక్టరిన్నడు. నేనిన్న." గిన్నెను కొంగుతో తుడిచింది. "ఆ మంచం కాళ్ళకాడ ఏలాడే అట్ట మీద ఏం రాసుకుంటడు డాక్టరు?"

"మీ ఆయన గురించే."

"అయితె నాకు రాసియ్యి."

ఆ అట్ట నుంచి ఏ రోజు ఏ మందు పోయిందో వారానికోసారి రిజిస్టరులోకి ఎత్తి రాయడం హేబ్సిబా పనే. అట్టను తెచ్చుకుంది. చీటీలు సరిపోవని పెద్ద కాగితం తీసుకుంది. డాక్టరు రాసింది రాసినట్టు తెలుగులోకి దించింది. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క వదల్లేదు.

"ఇరవై తొమ్మిదో సూది. తల తిరుగుతోందంటాడు. కల్లు.

ముప్పై మూడు. నడక తూలుతోంది. కల్లు. మందలించాను.

నలభై. చెవిలో మోత అంటాడు. కల్లు.

యాభై రెండు. మంచంలో పదకొండో రోజు. మంచం తిరుగుతోందంటాడు. కల్లు మానినందువల్ల.

అరవై రెండు. మంచంలో ఇరవై ఒకటో రోజు. అదే ఫిర్యాదు. కల్లు.

అరవై ఎనిమిది. మంచంలో ఇరవై ఏడో రోజు. పిలిస్తే పలకడం లేదు. మొండితనం. కల్లు."

మధ్యలో ఇంకా ముప్పై నాలుగు పంక్తులున్నాయి. హనుమవ్వ మెట్టు మీద కూర్చుని మొత్తం చదివింది. పెదాలు కదిలాయి, గొంతు రాలేదు. చదివి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మంచంవైపు చూడకుండా చిద్రి దారి పట్టింది.

ఆమె ఇచ్చిన కాగితాన్ని సంగయ్య, దుకాణం అరుగు మీదే చదివాడు. రెండుసార్లు చదివాడు. చుట్టూ ఉన్నవాళ్ళు భుజాల మీది నుంచి చదివారు.

"తబేలాల ఇరవై ఏడు దినాలు," అన్నాడు సంగయ్య. "వీని దగ్గర లొట్టి లేదు, చెట్టు లేదు, కాలు లేదు. కల్లెవలు వోసిన్రు? రాచమ్మ పోసిందా?" ఎవరూ నవ్వలేదు. ముంతలో మిగిలింది పక్కన ఒంపేసి లేచాడు.

మర్నాడు పొద్దున మోకును భుజాన వేసుకుని దవాఖానకు వచ్చాడు. వెనక ఖండప్ప తమ్ముడు సిద్దప్ప ఉన్నాడు, హనుమవ్వ ఉంది. మోకు చూసి ఖండప్ప మోచేతుల మీద లేవబోయాడు.

"ఇంక నాతాన ఏమున్నది, తీస్కపోనీకె?"

"నీ మోకు నీకే తెచ్చిన. నువ్వు తాగలే," అన్నాడు సంగయ్య.

"ఆ?"

"తాగలేవని అంటున్న."

ఖండప్ప అతని మూతివైపు చూశాడు, తమ్ముడి మూతివైపు చూశాడు. "గట్టిగ చెప్పున్రి," అన్నాడు, తనే గట్టిగా. సంగయ్య వంగి చెవిలో అరిచాడు. సాలలో ఈ చివరినుంచి ఆ చివరిదాకా మంచాలన్నీ విన్నాయి. ఖండప్ప వినలేదు. మోకును మాత్రం ఒళ్ళో పెట్టుకున్నాడు, మళ్ళీ ఎవరైనా తీసుకుపోతారేమోనని గట్టిగా పట్టుకున్నాడు.

జీవరాజ్ ఆ అరుపుకు బయటికి వచ్చాడు. సంగయ్య కాగితం అతని చేతిలో పెట్టి పక్కకు జరిగాడు. డాక్టరు నిలబడే చదివాడు. రోజూ ఆ రోజు ముక్క రాసుకుని పోయినవాడు, పైనుంచి కిందిదాకా ఎప్పుడూ చదవలేదు.

కాగితంతో కిటికీ దగ్గరికి వచ్చాడు. "మీరేమన్నా కలిపిన్రా?"

"లేదు సార్."

"మరి ఇది నేను రాసిందే."

"అవును సార్."

అట్ట మీద ఆ రోజు "సూది ఆపాను" అని రాశాడు. ఎందుకు ఆపాడో రాయలేదు. హనుమవ్వతో ఛాతీకి వేరే గోలీలిస్తానని, అవి పనిచేస్తాయని చెప్పాడు. తూలుడు కొంత తగ్గుతుంది కానీ చెట్టు మాట మరిచిపోవాలన్నాడు. చెవుల గురించి ఆమె అడిగితే తల అడ్డంగా ఊపాడు.

ఆ కాగితంలోని మాట చిద్రిలో ఆగలేదు. వారం తిరిగేసరికి పొద్దుటి సూదుల వరసలో ఏడుగురు తగ్గారు. జీవరాజ్ వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పాడు, ఆమె కళ్ళలోకి చూస్తూ. తప్పొప్పుల లెక్క ఇద్దరికీ తెలుసు. హేబ్సిబా సాయంత్రాలు నడిచి ఆ ఏడిళ్ళకూ పోయింది. ముగ్గురు తిరిగి వచ్చారు. ఒకామె తలుపు తీయలేదు.

పదిహేను రోజులకు అచ్చేసిన చీటీలు వచ్చాయి. నున్నటి కాగితం, నీటుగా ఉన్న కన్నడ అక్షరాలు, అంకెలకు ఖాళీలు. ఆ అంకెలు రాచమ్మ వేసేది, డాక్టరు ఉత్తరువు. హేబ్సిబా గోలీలు లెక్కపెట్టి పొట్లం కడితే చాలు. జనం చీటీని అటు తిప్పి ఇటు తిప్పి, కిటికీకి తిరిగి తెచ్చేవాళ్ళు. "ఇది చదువస్తలేదక్కా." కొన్నాళ్ళకు తేవడం మానేశారు. సున్నం డబ్బాలకు మూతలుగా మడుచుకున్నారు.

ఖండప్పను ఇంటికి పంపే రోజు హనుమవ్వ కిటికీ దగ్గరికి వచ్చింది. చేతిలో మందుల సంచి ఉంది, మందుల గురించి ఏమీ అడగలేదు.

"ఒక చీటీ రాయక్కా."

"నేను రాయొద్దన్నరు హనుమవ్వ."

"మందుది కాదు. నేను చెప్పింది రాయి. ఆయనకు నీ రాత తప్ప ఇంకోటి చదువురాదు. ఇంక నా మాట ఇనపడదు."

హేబ్సిబా రాచమ్మవైపు చూసింది. రాచమ్మ లేచి, నీళ్ళు మరుగుతున్నాయో లేదో చూడటానికి పోయింది. ఒక అచ్చు చీటీని వెనక్కి తిప్పి, హేబ్సిబా కలం ముంచింది.

హనుమవ్వ ముందు గడగడా చెప్పింది, తర్వాత ఆగిఆగి. "నువ్వు తాగలే. ఊరంతట ఎరుకైంది. మోకు మనదే, సిద్దప్ప ఎక్కుతడు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తీసేసింది. "నేను గూడ నిన్ను నమ్మలే. అది రాయి."

రాసింది. హనుమవ్వ చీటీ పట్టుకుని సాలలోకి పోయింది. ఖండప్ప మంచం అంచున కూర్చుని ఉన్నాడు, ఒక చేయి కర్ర మీద, ఒక చేయి గోడ కడియం మీద. చీటీ తీసుకుని చదివాడు. అతని పెదాలు కూడా కదిలాయి. చదివి మడత పెట్టి, మళ్ళీ విప్పి, ఆఖరి మాట ఇంకోసారి చదివాడు.

"అప్పుడు నాకు చెవులుండె," అన్నాడు. తన గొంతు తనకు వినపడనివాడి గొంతు, కిటికీదాకా వచ్చింది. "అప్పుడే అంటె ఇంటుంటి."

హనుమవ్వ అక్కడే నిలబడింది. ఏదో అనబోయి, అతనికి వినపడదని ఆగింది. వెనక్కి తిరిగి సాల పొడుగునా నడిచి కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఇంకో చీటీ."

హేబ్సిబా కాగితం తిప్పి పెట్టుకుంది. "ఏం రాయాలె?"

హనుమవ్వ ఊచలు పట్టుకుని ఆలోచించింది. వెనక వరసలో జనం ఒకరిద్దరు దగ్గారు. ఎవరూ తొందరపెట్టలేదు.

"ఆకలైతాందా అని అడుగు," అంది.